మామ్మగారి బండిలో ఆరని దీపాలు

ఆ రోజుల్లో నేను కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అన్నం నిలబడి తినేదాన్ని, పుస్తకం నడుస్తూ చదివేదాన్ని, సినిమాకి వెళ్తే ఇంటర్వెల్ రాకముందే రెండుసార్లు బయటికొచ్చి గోడమీద పోస్టర్లు చూసి మళ్ళీ లోపలికి పోయేదాన్ని. "కాలుగాలిన పిల్లిలాగా ఏంటే ఆ తిరుగుడు" అని అమ్మ విసుక్కునేది. నాయనమ్మ అయితే విసుక్కోవడం కూడా మానేసి, నేను ఎటు వెళ్తే అటు తల తిప్పుతూ మెడనొప్పి వచ్చిందని అమృతాంజనం రాసుకునేది. ఇప్పుడీ మాట చెబితే మా పిల్లలు నమ్మరు (సోఫాలోంచి నన్ను లేవదీయడానికి వాళ్ళిద్దరూ కావాలి మరి). అలాంటిదాన్ని ఒకే ఒక్కసారి, ఒకావిడ పట్టపగలు కదలకుండా పడుకోబెట్టింది. ఆ పడుకోవడంతోనే నా బతుకు ఒక దారిన పడింది. అది చెప్పాలంటే ముందు బస్సు సంగతి చెప్పాలి.

తొంభైల చివరి మాట. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి బయటపడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్యకి బస్సులకీ లారీలకీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అక్కడ వైరింగు చేసే మనిషి ఉన్నట్టుండి దుబాయ్ వెళ్ళిపోవడంతో, "తర్వాతవాడు దొరికేదాకా" అన్న షరతుమీద నేను దూరాను. నాన్నకి అది సుతరామూ ఇష్టం లేదు. గుణదలలో మా వీధి చివరి స్కూల్లో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం ఆయన నాకోసం మాట్లాడి పెట్టారు. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి, సాయంత్రం నాలుగింటికి లేవాలి. ఆ మధ్యలో పరీక్షనాళికలు పగలకుండా చూసుకోవాలి. "కూర్చుని చేసే ఉద్యోగం తల్లీ, నీడపట్టున ఉంటావు" అనేవారు నాన్న, అదేదో వరం ఇస్తున్నట్టు. నాకు మాత్రం ఆ కుర్చీ తలుచుకుంటేనే వీపు దురద పుట్టేది. చివరికి మావయ్య మధ్యలోకి వచ్చి రాజీ కుదిర్చాడు. "బావగారూ, ఇప్పుడు చేస్తన్న బండి దీని వైరింగుతో గేటు దాటిందా, షెడ్డులో కరెంటు పనంతా దీనిదే. దాటలేదా, మీ కుర్చీలో మీరు కూచోబెట్టుకోండి." నాన్న ఒప్పుకున్నారు. దాటదని ఆయన నమ్మకం.

ఆ బండి మామూలు బండి కాదు. కైకలూరు వైపు చేపల వ్యాపారం చేసే ఒకాయన (షెడ్డులో అందరం చేపలాయన అనేవాళ్ళం) వాళ్ళమ్మగారికోసం కట్టించుకుంటున్న బస్సు. ఆవిడకి కాశీ వెళ్ళాలని ఉంది. కానీ రైలెక్కదు, సత్రంలో పడుకోదు, ఊరివాళ్ళు తిరిగిన స్నానాలగదిలో అడుగుపెట్టదు. కొడుకు ఆలోచించి ఆలోచించి ఇంటినే కాశీకి పంపుదామని నిర్ణయించుకున్నాడు. మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, బాత్రూం, ఫ్యాన్లు, దీపాలు, దేవుడి గూడు, అన్నీ ఒక బస్సులో. అలాంటిదాన్ని ఇంగ్లీషులో ఏదో అంటారని చేపలాయన ఒకసారి చెప్పాడు గానీ, మా షెడ్డులో అది మొదటిరోజు నుంచీ మామ్మగారి బండి.

మామ్మగారు మొదట్లో ఒకసారి వచ్చి చూసుకుని వెళ్ళారు. పొట్టిగా, గట్టిగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో ఉండేవారు. కొల్లేటిమీద పడవల్లోంచి చేపలు దింపించి బేరం చేసిన మనిషి కాబట్టి మాట అవతలి గట్టుకి వినపడేది. బస్సులో ఇంకా అస్థిపంజరం తప్ప ఏమీ లేదు. ఆవిడ దాన్నే కలయజూసి, "నాకు సోకులొద్దు. రాత్రి మెలకువొస్తే పడుకున్నదాన్ని పడుకున్నట్టే చెయ్యి చాపితే స్విచ్చి తగలాల. అంతే. దీపం వెయ్యమని ఒకళ్ళని లేపే బతుకు నేనెప్పుడూ బతకలా, ఇప్పుడు మొదలెట్టను. తగల్లేదా, కాశీ లేదు, బండీ వద్దు" అన్నారు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "నువ్వూ నా అంతే ఉన్నావుగా, నీ చెయ్యి అందితే నాకూ అందుద్ది" అని తీర్పు చెప్పేశారు. కొలత తీసుకోవడం అంత తేలిక అయిపోయింది.

తర్వాత సిద్ధాంతిగారు వచ్చారు. బస్సుకి వాస్తు ఏమిటని మీరు అడగొచ్చు. మా వైపు కోళ్ళగూటికి కూడా వాస్తు చూస్తారు, ఇన్ని లక్షల బస్సుకి చూడకుండా ఉంటారా. మా షెడ్డుకి దక్షిణాన కాలవ, ఉత్తరాన రోడ్డు. బస్సు ముక్కు పడమటికి పెట్టి ఉంది. సిద్ధాంతిగారు చెప్పులు విడిచి లోపలికెక్కి, దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి, వెనక భాగంలో కాలవ వైపు మూలన నిలబడ్డారు. "ఇది ఆగ్నేయం. విద్యుత్తంటే అగ్ని. స్విచ్చీలన్నీ ఇక్కడే ఉండాలి. మామ్మగారి తల దక్షిణానికి, అంటే ఈ గోడకే రావాలి" అన్నారు. నాకు నోరు ఊరుకోలేదు. "బస్సు తిరుగుతుంది కదండీ, ఆగ్నేయం కూడా దాంతోపాటు తిరగదా?" అన్నాను. మావయ్య నావైపు చూసిన చూపుకి బ్యాటరీ ఛార్జవ్వాలి. సిద్ధాంతిగారు మాత్రం చిరునవ్వు నవ్వి, "నువ్వు ఏ ఊరు పోయినా నీ జన్మనక్షత్రం మారుద్దా అమ్మాయ్? బస్సుకీ అంతే" అన్నారు. నక్షత్రాల పాఠం మా డిప్లొమాలో పెట్టలేదు. అయినా ఆ ఏర్పాటు నాకూ కలిసొచ్చింది. మామ్మగారి తల దగ్గరే స్విచ్చీలంటే అంతకంటే ఏం కావాలి? ఉత్త చెక్కలమీద కాలవవైపు తలపెట్టి పడుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపాను. ఎక్కడ పడిందో అక్కడ సుద్దముక్కతో గీసి బోర్డు బిగించాను. బాత్రూం గోడ అప్పటికింకా లేవలేదు. గుర్తు పెట్టుకోవడానికి నాకు ఒకటే మాట: కాలవ వైపు. మా డెల్టావాళ్ళకి కుడి ఎడమల పని తక్కువ, కాలవ వైపు అంటే చాలు, పెళ్ళిలో విస్తరి కూడా వెతుక్కుంటాం.

నెల తిరిగేసరికి బండి ఒక రూపానికొచ్చింది. మధ్యలో రంగు వేయించడానికి పక్క షెడ్డుకి తీసుకెళ్ళారు, మళ్ళీ తెచ్చి పెట్టారు. ముహూర్తం రేపనగా నేను దీపాలన్నీ వేసి, ఎంతసేపు వెలిగితే ఏ హోల్డరు వేడెక్కుతుందో చూద్దామని అలాగే వదిలేసి, తక్కువైన ఫ్యూజులకోసం లూనా వేసుకుని వన్‌టౌన్ వెళ్ళాను. అక్కడ కొట్టువాడు ఫ్యూజులు లెక్కపెట్టేలోపు నేను కొట్టు బయటా లోపలా ఎన్నిసార్లు తిరిగానో, "కూచోండమ్మా, నా కళ్ళు తిరుగుతన్నాయి" అని అతనే స్టూలు వేశాడు. కూర్చోలేదు. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి బస్సెక్కితే దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. గోడలు నున్నగా, గోధుమరంగులో అద్దంలా మెరుస్తున్నాయి. స్విచ్చీలు లేవు.

లేవంటే లేవు. ముందు గోడ తడిమాను, వెనక గోడ తడిమాను. మంచంకింద దూరాను, దేవుడి గూట్లో చూశాను. మా వడ్రంగి మూలన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. గోడలకి నున్నటి మైకా షీట్లు అతికించడంలో ఆటోనగర్ మొత్తంలో తనంతవాడు లేడని అతనికి పేరు, అందుకే అందరం మైకా బాబాయి అనేవాళ్ళం. "బాబాయ్, నా స్విచ్చీలేవి?" అన్నాను.

"మూసేశాగా" అన్నాడు తాపీగా. "పొద్దున్న సిద్ధాంతిగారొచ్చారు. దిక్సూచి చూసి గుండెలు బాదుకున్నారు. స్విచ్చీలు వాయవ్యంలో ఉన్నయ్యంట. గాలీ నిప్పూ ఒకచోట పెడతారా, కొంప అంటుకుంటది, ముందవి మూసెయ్యండి అన్నారు. మావయ్య మూసెయ్యమన్నాడు. నాలుగుపక్కలా కొత్త షీటేశా. అతుకు చూడు, గోటికి తగుల్తదేమో చూడు."

తగల్లేదు. అదే ఏడుపు. ఆగ్నేయంలో ఉన్న బోర్డు వాయవ్యానికి ఎలా నడిచి వెళ్ళిందని అడిగితే, "అది సిద్ధాంతిగారికే తెలవాల, నాకు మైకా తెలుసు" అన్నాడు. ఎక్కడ మూశావో చెప్పమంటే, "షీటు పడ్డాక నాకు నాలుగు గోడలూ ఒకటే" అన్నాడు. మావయ్యని అడిగితే, "కొత్త బోర్డు పెట్టమని నీకు బాబాయి చెప్పలా?" అన్నాడు. బాబాయిని అడిగితే, "మావయ్య చెప్పాడనుకున్నా" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. రేపు పొద్దున్న ముహూర్తం. బ్యాటరీ వైరు పీకేస్తే దీపాలు ఆరుతాయి, నిజమే. కానీ మామ్మగారికి అర్ధరాత్రి దీపం కావాలంటే డ్రైవర్ని లేపి, కిందికి దింపి, బ్యాటరీ పెట్టె తెరిపించాలి. ఆవిడ కాశీ మానుకోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. నా కళ్ళముందు స్కూలు కుర్చీ వచ్చి నిలబడింది. చేతులున్న కుర్చీ, పైన రెక్సిన్ కూడా.

ఇక చూడాలి నా తిరుగుడు. బస్సులో ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి, గోడలమీద వేళ్ళతో కొట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ తిరిగాను. ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు. అప్పుడు కిటికీలోంచి కాలవ కనపడింది. పిచ్చిదాన్ని, కాలవ వైపు కదా అనుకున్నాను. మంచానికి కాలవవైపు గోడ ముందు నిలబడ్డాను. దిండు అవతలివైపు ఉంది. "దిండు కూడా తిరగేసి పెట్టావా బాబాయ్" అని ఆయన్నే కసిరాను. "నువ్వు మొదట గీసిన సుద్దగీత చూసే పెట్టానమ్మా" అని ఆయన గొణిగాడు. నేను వినిపించుకుంటేగా. "ఇక్కడ కొయ్యి" అన్నాను. కన్నకూతురి జడ కత్తిరించమన్నట్టు చూశాడు. అయినా రంపం తీశాడు. పలకంత ముక్క ఊడొచ్చింది. అందులోంచి స్విచ్చీలకి బదులు షెడ్డులో బళ్ళు తిప్పే మా డ్రైవరు మొహం కనపడింది. బాత్రూంలో కాళ్ళు కడుక్కుంటున్నాడట. చేతిలో చెంబుతో మమ్మల్ని చూసి, "ఇంతోటిదానికి తలుపు కొట్టొచ్చుగదండీ" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బయట అంబాసిడర్ కారు ఆగింది. పరుపు ఎలా ఉందో చూసుకోవాలని మామ్మగారు ఒకరోజు ముందే వచ్చేశారు. మావయ్య అర క్షణంలో ఆ కన్నానికి అడ్డంగా నిలబడి, చేతులు కట్టుకుని, లేని భక్తి మొహానికి పూసుకున్నాడు. మామ్మగారు మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కి, మంచంమీద కూర్చుని, తల ఎత్తి చూశారు. "పట్టపగలు ఇన్ని దీపాలేంటయ్యా?"

"శుభానికండీ" అన్నాడు మావయ్య.

"చూశాంగా శుభం. ఆర్పండి, కాసేపు నడుం వాలుస్తా."

"ఆర్పకూడదండీ మామ్మగారూ. అఖండం. రేపు ముహూర్తం దాకా కొండెక్కకూడదని సిద్ధాంతిగారి ఆన" అన్నాడు మావయ్య. ఇన్నేళ్ళయినా ఆ అబద్ధం తలుచుకుంటే నాకు ఆయనమీద గౌరవం పెరుగుతుంది. ట్యూబులైట్లకి అఖండదీపం హోదా ఇచ్చినవాడు మా వంశంలో ఆయనొక్కడే. మావయ్య వీపు పక్కనుంచి డ్రైవరు చెంబు కనపడుతూనే ఉంది. మామ్మగారి చూపు చెంబుమీదినుంచి నామీదికి వచ్చింది. నేను అప్పటికి వంటగట్టు దాకా వెళ్ళి తిరిగొస్తున్నాను.

"ఇట్రా" అన్నారు. "ఏం పోయిందే?"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ ఒక్క మాటకి వచ్చేసింది. స్విచ్చీలు మూసుకుపోయిన సంగతి, వాయవ్యం సంగతి, గేటు దాటకపోతే నాకు రాబోయే కుర్చీ సంగతి, అన్నీ గబగబా చెప్పేశాను. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ మంచంమీంచి లేచి పక్కన నిలబడి, "పడుకో" అన్నారు.

"అండీ?"

"మెత్తగా ఉందో లేదో నా బదులు నువ్వు చూడు. నువ్వలా గిరగిరా తిరగతా ఉంటే నాకు పడవెక్కినట్టుంది. నేను లెమ్మనేదాకా కదలమాక."

పెద్దావిడ నిలబడి ఉండగా ఆవిడ కొత్త పరుపుమీద, ఆటోనగర్ మసి బట్టలతో, దిండుమీద తలపెట్టి పడుకున్నాను. కాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. ఆవిడ నా పాదంమీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నారు. పైన దీపాలు కళ్ళల్లోకి కొడుతున్నాయి. అప్పుడు మావయ్య కళ్ళు తెరిచి, నన్ను చూసి కంగారుగా, "అటు పెట్టకే తల, అది ఉత్తరం. శవాన్ని పెట్టినట్టు" అన్నాడు.

నేను లేవబోయాను, పాదంమీది చెయ్యి లేవనివ్వలేదు. పడుకునే ఆలోచించాల్సి వచ్చింది. ఉత్తరమా? ఈ మంచానికి తల దక్షిణానికని సిద్ధాంతిగారే కదా పెట్టించారు. ఆనాడు నేను కాలవవైపు తలపెట్టి పడుకున్నాను. ఇప్పుడు కాలవ నా కాళ్ళవైపు ఉంది. మంచం మేకులేసి బిగించినది, అది తిరగదు. బాబాయి సుద్దగీత చూసి దిండు వేశాడు, అదీ తప్పు కాదు. తిరిగింది బస్సు. రంగు వేయించి తెచ్చినప్పుడు ముక్కు తూర్పుకి పెట్టి నిలిపారు. షెడ్డులో ఉన్న అందరం దాన్ని కళ్ళారా చూశాం, ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. సిద్ధాంతిగారి ఆగ్నేయం, నా కాలవ వైపు, రెండూ ఒకే గోతిలో పడ్డాయి. బస్సు తిరుగుతుంది కదా అని ఆయన్ని ఎదిరించి అడిగినదాన్నీ నేనే, పడ్డదాన్నీ నేనే.

కళ్ళు మూసుకున్నాను. నెలరోజుల కింద ఉత్త చెక్కలమీద చాపినట్టే చెయ్యి చాపాను. వేలు నున్నటి మైకాకి తగిలింది. "బాబాయ్, ఇక్కడ" అన్నాను.

"మళ్ళీనా" అన్నాడు మైకా బాబాయి. ఆ గొంతులో ఉన్న బాధ నేను ఎవరి చావులోనూ వినలేదు. కోశాడు. ముక్క ఊడొచ్చింది. వరసగా తెల్లగా నా స్విచ్చీలు, నేను వదిలి వెళ్ళినట్టే ఉన్నాయి. పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఒక్కొక్కటీ నొక్కాను. బస్సులో దీపాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. దీపాలు ఆరితే చప్పట్లు కొట్టిన చోటు లోకంలో మా షెడ్డు ఒక్కటే అయ్యుంటుంది. బాత్రూంలోంచి డ్రైవరు కూడా కొట్టాడు, చెంబు కింద పెట్టి.

మావయ్య మాత్రం తల గోక్కుంటూ, "దొరికాయి సరే, మరి వాయవ్యం సంగతండీ? తల ఉత్తరం సంగతి?" అన్నాడు.

"గాలి లేకండా నిప్పు రాజుకోటం నువ్వెక్కడన్నా చూశావంటయ్యా?" అన్నారు మామ్మగారు. "ఇక్కణ్ణుంచి కాశీ దాకా ఎన్ని మలుపులో. మలుపు మలుపుకీ లేచి దిండు మార్చుకుంటా కూచుంటే నేను పడుకునేదెప్పుడు? ఇయ్యాల తల ఉత్తరం అయితే రేపు తూర్పవుద్ది. చెయ్యి చాపితే తగిలిందిగా. నాకది చాలు." తర్వాత నా పాదంమీంచి చెయ్యి తీశారు. "ఇంక లే. తిరుగు."

మర్నాడు పొద్దున్నే మావయ్య తెలివిగా బస్సుని మళ్ళీ ముక్కు పడమటికి తిప్పించి పెట్టాడు. బాబాయి రాత్రికి రాత్రే రెండు కన్నాలకీ టేకు చట్రాలు బిగించాడు, స్విచ్చీలకి ఒకటి, బాత్రూం వైపు దానికి అద్దంతో ఒకటి (అది మొదటినుంచీ అనుకున్నదేనని ఇప్పటికీ అంటాడు). సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని వచ్చి చూసి, స్విచ్చీలు ఆగ్నేయంలో ఉండడం చూసి కళ్ళు చెమర్చి, "ఒక్క పూటలో ఎంత మార్పు చేశారయ్యా" అన్నారు. "అంతా తమ దయ" అన్నాడు మావయ్య. నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు. మామ్మగారి బండి గేటు దాటి, రోడ్డెక్కి, అక్కడే మొదటి మలుపు తిరిగింది. నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. దుమ్ము తగ్గేదాకా చూసి, "సరే, నిచ్చెన ఎక్కేటప్పుడు చూసుకుని ఎక్కు" అని మాత్రం అన్నారు. నేను ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఏం చెయ్యాలో తెలియక.

కాశీనుంచి తిరిగొచ్చేటప్పుడు మామ్మగారు కైకలూరు పోకుండా ముందు బండిని మా షెడ్డుకి తిప్పించారు. ఏదైనా చెడిపోయిందేమోనని నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఆవిడ కిందికి దిగలేదు. కిటికీలోంచే ఒక చిన్న గంగచెంబు నా చేతిలో పెట్టారు. "ఒక్క రాత్రి కూడా ఎవర్నీ లేపలేదే" అన్నారు. అంతే, పోనిమ్మన్నారు. తర్వాత ఎన్ని బస్సులకి, ఎన్ని ఇళ్ళకి, చివరికి ఎన్ని కల్యాణమండపాలకి వైరింగు చేయించానో గానీ, అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నాకు కుదురు వచ్చిందని అందరూ అంటారు. కుదురు కాదు, మోకాళ్ళు. మొన్నీమధ్య మా ఆయన ఎవరినో పిలిపించి ఇంటి వాస్తు చూపించారు. వచ్చినాయన మా మంచం తిప్పించి, తల దక్షిణానికి పెట్టించి వెళ్ళాడు. దాంతో నేను చేతికందేలా, కళ్ళు మూసుకుని మరీ కొలిచి పెట్టుకున్న స్విచ్చి నా కాళ్ళదగ్గరికి పోయింది. మళ్ళీ తిప్పుదామంటే మా ఆయన వినరు. తెల్లవారుజామున మెలకువ వస్తే ఆయన్ని లేపి దీపం వెయ్యమనొచ్చు, పాపం ఏమీ అనుకోరు. నేను లేపను. ముసుగులోంచి కాలు చాపి, గోడ తడుముకుని, బొటనవేలితో నొక్కుతాను. ఒకప్పుడు ఒక చోట ఆగని కాలే అది. పాదంమీద ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టుంటుంది, వేలు తగలగానే దీపం వెలుగుతుంది.